కొత్త కార్నర్‌బ్యాక్ తడబడుతుంటే ఎన్నాళ్లు ఓపిక పట్టాలి?

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఆదివారం వస్తే మా ఇంట్లో అమెరికన్ ఫుట్‌బాల్, మన డాలస్ కౌబాయ్స్ మ్యాచ్ పెట్టాల్సిందే. గత సీజన్‌లో నవంబరు నుంచి మా కొత్త కార్నర్‌బ్యాక్ (అవతలి జట్టులో పాస్ అందుకునేవాణ్ణి కాసే ఆటగాడు) షవాన్ రెవెల్ మీదుగా పాస్‌లు పడుతుంటే నాకు బీపీ పెరిగిపోయింది. "అసలు వీణ్ణి ఎవరు తీసుకున్నార్రా బాబూ" అని టీవీ ముందు అరిచేవాణ్ని. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఏడో తరగతి. స్కూల్ టీమ్‌లో వాడూ కార్నర్‌బ్యాకే. అక్టోబరులో ఒక మ్యాచ్ ఆఖర్లో వాడి మీదుగా టచ్‌డౌన్ పడింది (అవతలివాళ్లు బంతితో గోల్ లైన్ దాటేశారు), ఓడిపోయారు. ఆరోజు నేను వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. మొన్న ఉన్నట్టుండి "వచ్చే ఏడాది ఫుట్‌బాల్ ఆడను నాన్నా" అన్నాడు. ఎందుకురా అంటే, "రెవెల్‌ని నువ్వు అన్నవన్నీ నన్నూ అన్నట్టే కదా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అభిమానిగా నాకు కోపం రావడం తప్పా? కొత్త ఆటగాడి మీద ఎన్నాళ్లు ఓపిక పట్టాలి? మావాడికి ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: కోపం రావడం తప్పు కాదండీ. 2025 సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు సమర్పించుకున్న జట్టు మనదే. 7 గెలుపులు, 9 ఓటములు, ఒక టై. వారం వారం ముప్పై నాలుగు, నలభై నాలుగు పాయింట్లు ఇచ్చుకుంటూ పోతే కడుపు మండని అభిమాని ఉండడు. నేనూ అదే మ్యాచ్‌లు చూశాను, రెండుసార్లు మధ్యలోనే లేచి వెళ్లిపోయాను. కాబట్టి మీ కోపాన్ని తప్పు పట్టను. కానీ ఆ కోపం పడాల్సిన చోట పడిందా అన్నది చూడాలి. మీ ఉత్తరం రెండుమూడు సార్లు చదివాక, అది చాలావరకు తప్పు మనిషి మీద పడిందనే నాకనిపించింది.

ముందు రెవెల్ సంగతి చూద్దాం. మీకు తెలిసిన విషయాలే అయినా వరుసగా పెట్టి చూస్తే వేరేగా కనిపిస్తాయి. అతను ఈస్ట్ కరోలినా యూనివర్సిటీలో ఆడేవాడు. 2024 సెప్టెంబరులో, అప్పటికి ఆ సీజన్‌లో మూడు మ్యాచ్‌లే ఆడాడు, ప్రాక్టీసులో మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. ఆ దెబ్బ తగలకపోతే డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) మొదటి రౌండ్‌లోనే పోయేవాడని చాలామంది అన్నారు. 2025 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో, 76వ వాడిగా మనవాళ్లు తీసుకున్నారు. వేసవిలో జట్టంతా కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో శిక్షణ చేస్తుంటే అతను మోకాలు బాగుచేసుకుంటున్నాడు. మొదటిసారి మైదానంలో దిగింది నవంబరు 17న, లాస్ వేగాస్‌లో రైడర్స్ మీద. అంటే పద్నాలుగు నెలలు మ్యాచ్ అన్నది ఆడలేదు. కాలేజీ నుంచి వచ్చి ప్రొఫెషనల్ ఆటలో పడ్డ కుర్రాడికి శిక్షణ శిబిరం లేదు, ప్రీ-సీజన్ లేదు. రైడర్స్‌తో సోమవారం రాత్రి ఆడిన జట్టు ఆ వచ్చే ఆదివారం ఈగల్స్‌ని, నాలుగు రోజులు తిరక్కుండానే థాంక్స్‌గివింగ్ నాడు చీఫ్స్ జట్టుకి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ని ఎదుర్కొంది. ఈత నేర్చుకోమని ఎవరినైనా బావిలో తోస్తాం కానీ, పొంగే గోదావరిలో తొయ్యం.

ఇవి సాకులు కావు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, జీతం తీసుకుంటున్నప్పుడు పాస్ ఆపాల్సిందే, అందులో మొహమాటం లేదు. కానీ అతను చెయ్యలేకపోతున్నది ఏమిటో, ఎందుకు చెయ్యలేకపోతున్నాడో తెలిస్తేనే కదా ఎన్నాళ్లు ఓపిక పట్టాలో తెలిసేది.

కార్నర్‌బ్యాక్ పని ఎంత కష్టమో టీవీలో కనిపించదు. పాస్ అందుకునే రిసీవర్‌కి తను ఎక్కడికి పరిగెత్తాలో ముందే తెలుసు. ఎన్ని అడుగులు వేశాక మలుపు తీసుకోవాలో తెలుసు. క్వార్టర్‌బ్యాక్‌కీ తెలుసు. ఎదురుగా నిలబడ్డ కార్నర్‌బ్యాక్‌కి మాత్రం తెలియదు. పైగా అతను మొదటి అడుగులు వెనక్కి వేస్తాడు. తనకంటే వేగంగా ముందుకు దూసుకొస్తున్నవాణ్ణి చూస్తూ, వెనక్కి పరిగెత్తుతూ, వాడు ఎటు తిరిగితే అటు నడుం తిప్పి, బంతికి వీపు పెట్టి వెంట పడాలి. ఇదంతా రెండున్నర, మూడు సెకన్ల పని. సగం అడుగు ఆలస్యమైతే చాలు, యాభై యార్డులు పోతాయి.

దీనికి తోడు కాలేజీ నుంచి వచ్చినవాడికి రూల్సే మారిపోతాయి. కాలేజీ ఆటలో బంతి గాల్లోకి లేచేదాకా ఎదురొచ్చే రిసీవర్‌ని చేత్తో అడ్డుకోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లే మొదలయ్యే లైన్ నుంచి 5 యార్డులు దాటాక చెయ్యి వేస్తే ఫ్లాగ్ పడుతుంది (తప్పని రిఫరీ జెండా విసురుతాడు), అవతలి జట్టుకి ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు, వచ్చేస్తుంది. కాలేజీలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి గాల్లో ఉండగా రిసీవర్‌ని అడ్డుకోవడం) అయితే ఎంత దూరాన జరిగినా 15 యార్డులకి మించి శిక్ష ఉండదు. ఇక్కడ తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికి పోతుంది. నలభై యార్డుల అవతల చొక్కా పట్టుకుంటే నలభై యార్డులూ సమర్పించుకున్నట్టే. అందుకని కొత్తవాడు ఏం చేస్తాడు? మూడునాలుగేళ్లుగా చేతులతో ఆడటం అలవాటైనవాడు ఒక్కసారిగా చేతులు వెనక్కి తీసుకుంటాడు. ఫ్లాగ్ పడుతుందేమోనన్న భయంతో రెండు అడుగులు ఎడం వదిలేస్తాడు. ఆ రెండు అడుగుల ఎడంలోనే మీరు తిట్టుకున్న క్యాచ్‌లు చాలావరకు పడతాయి. అది చేతకానితనం కాదు, పాత అలవాటు పోక, కొత్త అలవాటు రాక మధ్యలో ఉన్నవాడి అవస్థ.

ఇక జట్టు సంగతి. 2025 ఆగస్టు 28న మైకా పార్సన్స్‌ని ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. క్వార్టర్‌బ్యాక్ మీద అంత ఒత్తిడి పెట్టేవాడు లేకపోయాక అవతలివాడికి ఇంకో అర సెకను దొరుకుతుంది. ఆ అర సెకను భారం ఎవరి మీద పడుతుంది? మూడు సెకన్లు వెంటపడాల్సిన కార్నర్‌బ్యాక్ మూడున్నర సెకన్లు వెంటపడాలి. ఈ భూమ్మీద ఏ కార్నర్‌బ్యాకూ ఎప్పటికీ రిసీవర్‌ని అంటిపెట్టుకుని ఉండలేడు. సీజన్ అయ్యాక డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మాట్ ఎబర్‌ఫ్లస్‌ని తీసేశారు కదా. ఆయన ఎక్కువగా జోన్ (ఒక మనిషిని కాకుండా ఒక స్థలాన్ని కాసే పద్ధతి) ఆడించేవారు. జోన్‌లో ఒక పాస్ పడితే అది ఎవరి తప్పో టీవీలో చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. లోపలివైపు సేఫ్టీ (అందరికంటే వెనక కాసేవాడు) ఉంటాడనుకుని కార్నర్‌బ్యాక్ బయటివైపు కాస్తాడు, సేఫ్టీ రాడు, రిసీవర్ లోపలికి కోసుకుపోతాడు. కెమెరా తిరిగేసరికి రిసీవర్ వెనకాల పరిగెడుతూ కనిపించేది కార్నర్‌బ్యాక్ ఒక్కడే. మనం తిట్టేదీ అతన్నే.

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి చెప్పాలి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. కార్నర్‌బ్యాక్ మనకి కనిపించేది బంతి అతని వైపు వచ్చినప్పుడే. పది ప్లేలలో తొమ్మిదిసార్లు రిసీవర్‌ని సరిగ్గా కాసి ఉండొచ్చు, ఆ తొమ్మిదిసార్లూ క్వార్టర్‌బ్యాక్ అటు చూసి మానుకుని ఇంకోవైపు విసురుతాడు. మనం చూసేది పదోది. ఏడాదంతా ఇంటిపని చేసినావిడని, కూర మాడిన రోజు ఒక్కటే చూసి లెక్కకట్టినట్టు ఉంటుంది ఇది. మైదానంలో 22 మందీ కనిపించేలా పైనుంచి తీసిన వీడియో ఉంటుంది, ఆల్-22 అంటారు. డబ్బు కట్టి చూడొచ్చు. లేదా ఆర్లింగ్టన్‌లోని మన కౌబాయ్స్ స్టేడియానికి వెళ్లి మ్యాచ్ చూసే వీలుంటే పై అంతస్తులో టికెట్ తీసుకోండి. ఒక డ్రైవ్ మొత్తం (బంతి ఒక జట్టు చేతిలో ఉన్నంతసేపూ) బంతిని వదిలేసి ఒక్క కార్నర్‌బ్యాక్‌నే చూడండి. మొదట విసుగ్గా ఉంటుంది. నాలుగో ప్లే వచ్చేసరికి మీకు కొత్త ఆట కనిపిస్తుంది.

అలా చూసేటప్పుడు క్యాచ్ పడిందా లేదా అన్నది పక్కన పెట్టండి. బంతి చేరిన క్షణంలో కార్నర్‌బ్యాక్ ఎక్కడున్నాడు? రిసీవర్ నడుం పక్కన నడుం పెట్టి ఉన్నాడా? చెయ్యి అందే దూరంలో ఉన్నాడా? ఉంటే, క్యాచ్ పడినా అతను ఓడిపోలేదు. అవతలివాడు అంతకంటే గొప్పగా ఆడాడంతే. అసలు మనిషే లేడా, మూడు అడుగుల అవతల ఉన్నాడా? అప్పుడు ఏదో తప్పు జరిగింది. జరిగితే, అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతోందా, లేక ప్రతిసారీ కొత్త తప్పు చేస్తున్నాడా? నా మటుకు నాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. కొత్త తప్పులు చేసేవాడు నేర్చుకుంటున్నాడు. పాత తప్పే చేసేవాడి గురించే దిగులు పడాలి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మాల్కం బట్లర్. వెస్ట్ అలబామా అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2014లో పేట్రియట్స్ శిబిరానికి పరీక్షకి వచ్చి చోటు సంపాదించుకున్నాడు. ఆ సీజన్ చివర సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, సియాటిల్ మీద. మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో సియాటిల్ ఆడే ఒక ప్లే వేసి చూశారు. గోల్ లైన్ దగ్గర ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనక ఒకరు నిలబడతారు, ముందువాడు అడ్డు పడితే వెనకవాడు లోపలికి కోసుకొస్తాడు. బట్లర్ ఆ అడ్డు చుట్టూ తిరిగి వెళ్లాడు, ఆలస్యమైంది, టచ్‌డౌన్ పడింది. కోచ్ బెలిచిక్ అక్కడే చెప్పాడు, ఇది నువ్వు ఆపాల్సిందేనని.

2015 ఫిబ్రవరి 1, సూపర్ బౌల్. ఆఖరి నిమిషాలు. బట్లర్ కాస్తున్న జెర్మెయిన్ కర్స్‌కి పొడవాటి పాస్. బట్లర్ ఎగిరి బంతిని తాకాడు. అది కిందపడ్డ కర్స్ కాళ్ల మీద, చేతుల మీద నాట్యం చేసి చివరికి అతని చేతుల్లోనే ఆగింది. 33 యార్డులు. బట్లర్ చేసిందంతా సరైనదే, ఫలితం మాత్రం ఘోరం. బెంచీ మీద కూర్చున్న అతని మొహం చూడాలి మీరు. జట్టుని ఓడించింది తనేనని అప్పటికే ఖాయం చేసుకున్న మొహం అది. మళ్లీ లోపలికి పంపారు. గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరం. ఎదురుగా ఇద్దరు రిసీవర్లు, ఒకరి వెనక ఒకరు. ఈసారి బట్లర్ చుట్టూ తిరగలేదు. బంతి చెయ్యి దాటే సమయానికే సూటిగా దూకాడు. ఇంటర్‌సెప్షన్, అంటే అవతలివాళ్ల పాస్‌ని తనే పట్టేశాడు. 28-24తో పేట్రియట్స్ గెలిచారు. ఇంకోమాట కూడా చెప్పాలి, ముందు నిలబడ్డ రిసీవర్‌ని బ్రాండన్ బ్రౌనర్ కదలనివ్వకుండా పట్టేశాడు కాబట్టే బట్లర్‌కి దారి దొరికింది. ఆ సంగతి బ్రౌనర్‌ని కూడా గమనించి చూసినవాళ్లకే గుర్తుంటుంది.

మన జట్టులోనే చూడండి. 2020 సెప్టెంబరు 27, సియాటిల్. ట్రెవాన్ డిగ్స్‌కి అది మూడో మ్యాచ్. డీకే మెట్‌కాఫ్ అతన్ని దాటి వెళ్లిపోయాడు, బంతి అందింది, ముందు ఎవరూ లేరు. టచ్‌డౌన్ అయిపోయిందనుకుని మెట్‌కాఫ్ గోల్ లైన్ ముందు నడక మొదలెట్టాడు. నేను కూడా అప్పటికే తల పట్టుకున్నాను. డిగ్స్ పరుగు ఆపలేదు. వెనకనుంచి వచ్చి ఒక యార్డు ముందు బంతిని గుద్ది ఊడగొట్టాడు. అది గోల్ లైన్ అవతలి ఎండ్ జోన్ దాటి బయటికి పోయింది, బంతి మనకొచ్చింది. ఆ మ్యాచ్ 38-31తో ఓడిపోయాం. అయినా ఆ కుర్రాడు ఏమిటో నాకు ఆరోజే తెలిసింది. ఓడిపోయిన ప్లేని వదిలెయ్యలేదు. మరుసటి ఏడాది 11 ఇంటర్‌సెప్షన్లు తీశాడు. అదే ఏడాది అతని మీదుగా బోలెడు యార్డులు కూడా పోయాయి. ఆ రెండూ ఒకే ఆటగాడివి.

11 అన్న అంకె మన జట్టుకి కొత్త కాదు. 1981లో ఎవర్సన్ వాల్స్ తీశాడు, అదీ మొదటి సీజన్‌లోనే. మీకు పక్కనే ఉన్న రిచర్డ్‌సన్‌లో హైస్కూల్ ఆడినవాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. ఆ సీజన్‌కి చివర, 1982 జనవరి 10న శాన్ ఫ్రాన్సిస్కోతో మ్యాచ్. రెండు ఇంటర్‌సెప్షన్లు తీశాడు, ఒక ఫంబుల్ (అవతలివాళ్ల చేతిలోంచి జారిన బంతి) పట్టాడు. ఆఖరి నిమిషంలో జో మాంటానా విసిరిన బంతిని డ్వైట్ క్లార్క్ ఆకాశానికి ఎగిరి అందుకున్నాడు. పక్కన చెయ్యి చాచి, అందక నిలబడ్డది వాల్స్. 28-27తో ఓడిపోయాం. ఆ ఫొటో అమెరికా అంతా తెలుసు. ఆరోజు అతను తీసిన ఆ రెండు ఇంటర్‌సెప్షన్ల గురించి అడగండి, పదిమందిలో ఒక్కరు చెప్పలేరు. ఆ తర్వాత అతను ఇంకో రెండుసార్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు తీశాడు, తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. కార్నర్‌బ్యాక్ బతుకు ఇంతే. వాళ్లు చేసిన మంచిని జనం మర్చిపోతారు, వాళ్ల మీద జరిగిందే ఫొటో అవుతుంది. అందుకే నాకు ఈ స్థానంలో ఆడేవాళ్లంటే మిగతావాళ్ల కంటే ఎక్కువ ప్రేమ.

అందరూ బట్లర్లు కారు. ఆ మాట దాచి మిమ్మల్ని ఊరుకోబెట్టడం నాకు ఇష్టం లేదు. 2023లో వాషింగ్టన్ జట్టు ఇమ్మాన్యుయేల్ ఫోర్బ్స్‌ని మొదటి రౌండ్‌లో 16వ వాడిగా తీసుకుంది. కాలేజీలో ఆరు ఇంటర్‌సెప్షన్లని టచ్‌డౌన్లుగా మార్చిన రికార్డు అతనిది. బాగా సన్నటి మనిషి. ఫిలడెల్ఫియా మీద ఏ.జే. బ్రౌన్ అతన్ని ఒక ఆట ఆడుకున్నాడు. ఆ తర్వాత బెంచీ, రెండో సీజన్ పూర్తికాకుండానే జట్టునుంచి పంపించేశారు. రామ్స్ తీసుకున్నారు, అక్కడ మళ్లీ ఆడే అవకాశం దొరికింది. డేరియస్ స్లేదీ ఇంకో దారి. 2013లో డెట్రాయిట్ రెండో రౌండ్‌లో తీసుకుంది, మొదటి సీజన్‌లోనే బెంచీ మీద కూర్చోబెట్టింది. 2017 వచ్చేసరికి 8 ఇంటర్‌సెప్షన్లతో ఆల్-ప్రో, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్లలో ఒకడు. ఫోర్బ్స్, స్లే ఇద్దరూ మిస్సిసిప్పీ స్టేట్ నుంచి వచ్చినవాళ్లే. మొదటి ఏడాది ఆట చూసి ఎవరు ఏమవుతారో చెప్పగలిగినవాడు ఎవడూ లేడు.

ఎన్నాళ్లు అని సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. మామూలు కొత్త కార్నర్‌బ్యాక్‌కి మొదటి సీజన్ మొత్తం, ఆ తర్వాతి శిక్షణ శిబిరం, రెండో సీజన్‌లో సగం ఇవ్వాలంటాను. రెవెల్‌కి రెండో సీజనే అసలు మొదటి సీజన్. మోకాలి ఆపరేషన్ అయినవాడికి నడుం తిప్పి ఆ కాలి మీద బరువు మోపేటప్పుడు నమ్మకం రావడానికే చాలా టైం పడుతుంది, అది డాక్టరు సర్టిఫికెట్‌తో వచ్చేది కాదు. ఆక్స్‌నార్డ్‌లో ఒక శిబిరం పూర్తిగా ఆడనివ్వండి. అక్టోబరు నెలాఖరుకి కూడా అదే డబుల్ మూవ్‌కి (ఒకవైపు తిరిగినట్టు నటించి ఇంకోవైపు పోయే ఎత్తు) అదే విధంగా దొరికిపోతుంటే, కాస్తున్న రిసీవర్‌ని వదిలి క్వార్టర్‌బ్యాక్ వైపు చూస్తూ నిలబడుతుంటే, అప్పుడు నేనే మీతో కూర్చుని విమర్శిస్తాను. విమర్శ అంటే "ఆ మూడో డౌన్‌లో లోపలివైపు వదిలేశాడు" అనడం. "పనికిమాలినవాడు" అన్నది విమర్శ కాదు. ఇక కొందరు చేస్తున్నట్టు ఆటగాడి ఇన్‌స్టాగ్రామ్‌లోకి పోయి, వాళ్ల అమ్మనీ నాన్ననీ కలిపి తిట్టడం మీరు చెయ్యరని నాకు తెలుసు. చేసేవాళ్లు మీ స్నేహితుల్లో ఉంటే మాత్రం ఆపండి. మన హైదరాబాద్ సిరాజ్‌ని "పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో" అన్నవాళ్లు మనవాళ్లే. 2025 ఆగస్టులో ఓవల్‌లో హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేసినప్పుడు మళ్లీ మొదలెట్టారు. మర్నాడు పొద్దున ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో మ్యాచ్ గెలిపించాడు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. ఇంతసేపూ రాసింది వాడి కోసమేనని మీకు అర్థమయ్యే ఉంటుంది.

అక్టోబరులో వాణ్ణి ఒక్క మాట అనలేదన్నారు. మంచి పని చేశారు. కానీ వాడు నవంబరు నుంచి మీ మాటలు వింటున్నాడు. తన మీదుగా టచ్‌డౌన్ పడిన నెల తిరక్కముందే, తనలాగే ఆ మూలన నిలబడే ఇంకొకణ్ణి నాన్న సోఫాలో కూర్చుని ఏమంటున్నాడో విన్నాడు. ఆరోజు కారులో మీరు మాట్లాడకపోవడానికి అర్థం వాడు అలా కనిపెట్టుకున్నాడు. మీరు ప్రేమతో మాట్లాడలేదు. వాడేమో మనసులో తిట్టుకుంటూ మాట్లాడలేదనుకున్నాడు.

నేను ఏడో తరగతిలో కబడ్డీ ఆడేవాణ్ని, మా ఊరి హైస్కూల్లో. ఎడమ కార్నర్ నాదే. పక్క ఊరితో మ్యాచ్‌లో ఒకే రైడర్ మూడుసార్లు నా చేతుల్లోంచి జారిపోయాడు. చుట్టూ ఊరంతా ఉంది. నన్ను తీసెయ్యమని అరుస్తున్నారు, అందులో మా పెదనాన్న గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. డ్రిల్ మాస్టారు నన్ను తియ్యలేదు. టైమవుట్‌లో దగ్గరికొచ్చి నా మోకాళ్ల మీద మట్టి దులుపుతూ, "వాడి కాళ్లు చూస్తున్నావురా. కాళ్లు అబద్ధం చెప్తాయి. నడుం చూడు, నడుం ఎటుంటే మనిషి అటే పోతాడు" అన్నారు. అంతే. తర్వాత ఆ రైడర్‌ని ఒకసారి పట్టాను, ఒకసారి మళ్లీ పోయాడు. మ్యాచ్ ఓడిపోయాం. చాలా ఏళ్ల తర్వాత ఇక్కడికొచ్చి ఫుట్‌బాల్ చూడటం మొదలెట్టాక, కార్నర్‌బ్యాక్‌లకి కోచ్‌లు చెప్పే మొదటి పాఠం అదేనని తెలిసింది. రిసీవర్ తల చూడకు, కాళ్లు చూడకు, నడుం చూడు. ఆరోజు మా మాస్టారి చెయ్యి నా మోకాలి మీద ఉండటం ఇప్పటికీ తెలుస్తుంది నాకు. మా పెదనాన్న మంచివారే, నన్ను ఎత్తుకు తిరిగినవారే. కానీ కబడ్డీ అంటే ఆయన గొంతు కూడా గుర్తొస్తుంది.

మీవాణ్ణి బతిమాలకండి, "ఆడాల్సిందే" అని పట్టుబట్టకండి. ముందు క్షమాపణ చెప్పండి. తండ్రి కొడుక్కి సారీ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు, తెలుసు. అయినా చెప్పండి. "రెవెల్‌ని నేను అన్న మాటలు తప్పురా, ఆ ఆట నాకు సరిగ్గా తెలియక అన్నాను" అంటే చాలు. దానికి "నిన్ను కాదురా అన్నది" అని తోక తగిలించొద్దు. తనని కూడా అన్నట్టేనని వాడికి తెలుసు, తీసెయ్యలేరు.

తర్వాత వాణ్ణే గురువుని చేసుకోండి. గత సీజన్ మ్యాచ్ ఏదైనా పెట్టుకుని, రెవెల్ ఉన్న ప్లేలు ఆపి ఆపి చూడండి. రిమోట్ వాడి చేతికివ్వండి. "ఇక్కడ అతను ఎటు చూడాలిరా? సేఫ్టీ సాయం ఉందా? నువ్వయితే ఎక్కడ నిలబడేవాడివి?" అని అడగండి. పదమూడేళ్లవాడు, అయినా ఆ మూలన నిలబడ్డవాడు కదా, మీకూ నాకూ తెలియనివి చెప్తాడు. ఎక్కడో ఒకచోట వాడే ఆపి, "నాకూ ఇలాగే అయింది నాన్నా" అంటాడు. ఆ మాట వాడి నోట రావాలి, మీరు తియ్యొద్దు. వచ్చినప్పుడు సలహా ఇవ్వకండి, ఎలా జరిగిందో చెప్పనివ్వండి. ఎవరు మలుపు తిరిగారు, ఎండ కళ్లల్లో పడిందా, సేఫ్టీగా ఎవరున్నారు, ఇవన్నీ. ఆ ప్లే గురించి ఇంతవరకూ వాడు ఎవరికీ పూర్తిగా చెప్పి ఉండడు.

ఆ తర్వాత కూడా ఆడనంటే, సరేననండి. సాకరో ట్రాకో చూసుకుంటాడు, అది ఓటమేం కాదు. ఆడతానంటే కోచ్‌ని కలిసి, వేసవిలో వెనక్కి పరిగెత్తడం, నడుం తిప్పడం మీద పని చేయించమని అడగండి. ఇంటి వెనక గడ్డిలో మీరే రిసీవర్‌గా నిలబడండి. మీరు ఎంత నెమ్మదిగా పరిగెత్తినా ఫర్వాలేదు. మలుపు ఎటో వాడికి చెప్పకుండా పరిగెత్తండి. నాలుగుసార్లు వాడు మిమ్మల్ని ఆపేస్తాడు, అయిదోసారి మీరు దాటిపోతారు. దాటిపోయాక వెనక్కి తిరిగి చూడండి, వాడు ఇంకా వెంటపడుతున్నాడేమో.

ఆగస్టులో ప్రీ-సీజన్ మొదలవుతుంది. మీరిద్దరూ రెవెల్‌ని ఒక డ్రైవ్ మొత్తం చూశాక మీవాడు ఏమన్నాడో నాకు రాయండి. వాడి మాటల్లోనే రాయండి, మీరేం దిద్దకుండా.